హిమోగ్లోబిన్ పదమూడుంది కదా అని...

హైవే పక్క ఆసుపత్రిలో నేను నైట్ డ్యూటీలో ఉండగా ఒక కుర్రాణ్ణి తెచ్చారు. బండి మీంచి ఎడమ పక్కకి పడ్డాడట. మాట్లాడుతున్నాడు, ఫోను పగిలిందా అని వాళ్ల బావని అడుగుతున్నాడు. బీపీ 110. హిమోగ్లోబిన్ 13.4 వచ్చింది. ‘వార్డుకి పంపేద్దామా సార్?’ అంది సిస్టర్. పంపేవాణ్ణే. నాడి చూద్దామని చెయ్యి పట్టుకుంటే మంచుముక్కలా ఉంది, నాడి 118 కొడుతోంది. బ్లడ్ గ్యాస్ తీయిస్తే లాక్టేట్ 5.2. ప్లీహం చిట్లి కడుపులోకి రక్తం పోతోందని స్కానింగులో తేలింది.

క్యాజువాలిటీలో కొత్తగా చేరినవాళ్లకి నేను మొదట చెప్పేది ఈ హిమోగ్లోబిన్ మోసం గురించే. కుండెడు మజ్జిగలో సగం ఒలికిపోయిందనుకోండి, మిగిలిన సగం పలచబడదు కదా. నీళ్లు పోస్తేనే పలచబడుతుంది. రక్తమూ అంతే. ఒంట్లోని నీరు రక్తనాళాల్లోకి చేరాకో, మనం సెలైన్ ఎక్కించాకో గాని హిమోగ్లోబిన్ దిగదు. మొదటి గంటలో అది బాగుంటే దానికి పెద్ద విలువ ఇవ్వకండి. మొదటి గంటలోనే తక్కువ వస్తే మాత్రం పరుగెత్తండి.

ఆ గంటలో నిజం చెప్పేవి లాక్టేటూ, బేస్ డెఫిసిట్టూ. కణాలకి ఆక్సిజన్ చాలకపోతే లాక్టేట్ పేరుకుంటుంది. 2 మిల్లీమోల్ లోపు ఉంటే మామూలు, 4 దాటితే ఎక్కడో రక్తం పోతోందనే అనుకుని వెతకాలి. బేస్ డెఫిసిట్ 6 దాటిందంటే బ్లడ్ బ్యాంకుకి ఫోన్ చేసే వేళయింది. బ్లడ్ గ్యాస్ మిషన్ ఉన్నచోట రెండూ ఒకే చుక్కలో నిమిషాల్లో వచ్చేస్తాయి. మిషన్ లేకపోతే నాడిని పై బీపీతో భాగించండి. ఒకటి దాటితే ప్రమాదమే. ఆ కుర్రాడికి 118ని 110తో భాగిస్తే ఎంతో చూడండి. ల్యాబుతో పనిలేకుండానే లెక్క తేలిపోయేది.

ఒక్క రిపోర్టుతో తీర్పు చెప్పకండి. రెండు గంటలకి లాక్టేట్ మళ్లీ తీయండి. 5 ఉన్నది 3కి దిగితే మన వైద్యం పనిచేస్తున్నట్టు. 3 ఉన్నది 4కి ఎక్కితే, పేషెంటు నవ్వుతూ కబుర్లు చెబుతున్నా సర్జన్‌ని నిద్రలేపండి. తిడితే తిడతారు.

తీసే పద్ధతిలోనే సగం రిపోర్టులు పాడవుతాయి. టోర్నికేట్ బిగించి, పిడికిలి మూసి తెరవమని చాలాసేపు ఉంచితే లాక్టేట్ ఉత్తినే పెరుగుతుంది. మామూలు ట్యూబులో పోసి ట్రేలో వదిలేస్తే ఎర్రకణాలు లోపల లాక్టేట్ తయారుచేస్తూనే ఉంటాయి. బూడిదరంగు మూత ట్యూబులో తీసి, ఐసులో పెట్టి వెంటనే పంపాలి. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి ఏ శాంపిలూ తీయొద్దు. నీలం మూత ట్యూబు గీత దాకా నిండాలి, లేకపోతే గడ్డకట్టే పరీక్షలన్నీ తప్పు చెబుతాయి. గడ్డకట్టించే పదార్థాల్లో అన్నిటికన్నా ముందు అడుగంటేది ఫైబ్రినోజెన్. అది 150 మిల్లీగ్రాముల కంటే దిగితే ప్లాస్మా ఒక్కటే చాలదు, క్రయోప్రెసిపిటేట్ కూడా అడగాలి.

రక్తస్రావం తగ్గించే ట్రానెక్సమిక్ ఆసిడ్ ఇవ్వడానికి మాత్రం ఏ రిపోర్టుకీ ఆగకండి. 20 వేలమందికి పైగా క్షతగాత్రుల మీద జరిగిన క్రాష్-2 పరిశోధన ఫలితాలు 2010లో వచ్చాయి. మూడు గంటల్లోపు ఇస్తేనే మేలు, దాటాక ఇస్తే చేటు అని ఆ లెక్కల్లోనే తేలింది.

‘తాగొచ్చాడులే సార్, అందుకే లాక్టేట్ ఎక్కువ’ అనే మాట వారానికోసారైనా వింటాను. నిజమే, మద్యంతో పెరుగుతుంది. ఫిట్స్ వచ్చినా, మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలోనూ పెరగొచ్చు. కానీ తాగినవాడి ప్లీహం చిట్లదా? ముందు రక్తస్రావం లేదని తేల్చుకున్నాకే మందు మీదికి నెట్టండి.

ట్రాక్టరు కింద కాలు నలిగినవాళ్ల సంగతి వేరు. నలిగిన కండ నుంచి సీకే అనే ఎంజైము ఊరుతుంది, కానీ పతాక స్థాయికి చేరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. మొదటి రోజు తక్కువ ఉందని ఊరుకోకుండా మర్నాడూ చేయించండి. 5 వేలు దాటితే కిడ్నీలకి ముప్పు. మూత్రం డికాషన్ రంగులోకి మారిందా, పొటాషియం ఎంతుంది అని చూస్తూ ఉండాలి. పొటాషియం ఎక్కువ వస్తే శాంపిల్‌లో ఎర్రకణాలు చితికాయేమో టెక్నీషియన్‌ని అడగండి, ఆలోగా ఈసీజీ తీసేయండి.

తలదెబ్బకీ రక్తపరీక్షలొచ్చాయి. స్కాండినేవియా దేశాల వైద్యులు 2013 నుంచి చిన్న దెబ్బల్లో ఎస్100బి అనే ప్రోటీన్ చూసి కొందరికి సీటీ తప్పిస్తున్నారు. అమెరికాలో 2018లో మరో రెండు ప్రోటీన్ల పరీక్షకి అనుమతి వచ్చింది. అవి సీటీ అక్కర్లేనివాళ్లని ఏరడానికి. స్పృహ తగ్గుతున్నవాడికి రక్తం తీసి రిపోర్టు కోసం కూర్చోవడం తప్పు, తిన్నగా సీటీకి పంపండి.

ఈ రాత్రి డ్యూటీ ఎక్కగానే మూడు చూసిపెట్టుకోండి: బ్లడ్ గ్యాస్ మిషన్ పనిచేస్తోందా, కార్ట్రిడ్జి గడువు ఎప్పటిదాకా, బ్లడ్ బ్యాంకులో ఓ నెగెటివ్ ఎన్ని సంచులున్నాయి. ప్రతి ట్యూబు మీదా తీసిన టైము రాయండి.