కలిసి ఎదురుచూడటం: కుటుంబానికి చెరువు నేర్పే ఓర్పు

వ్యక్తిత్వ వికాసం అనగానే ఒక మనిషి ఒంటరిగా తనను తాను చక్కదిద్దుకోవడమే చాలామందికి గుర్తుకు వస్తుంది. తెల్లవారుజామున లేవడం, లక్ష్యాలు రాసిపెట్టుకోవడం, నలుగురిలో బెరుకు లేకుండా మాట్లాడటం వంటివన్నీ ఆ కోవలోనివే. అయితే మనిషి ఓర్పు, మాటతీరు, కోపాన్ని అదుపులో పెట్టుకునే నేర్పు నిజంగా పరీక్షకు నిలిచేది సొంత ఇంట్లోనే కాబట్టి, ఇంటిల్లిపాదీ కలిసి చేసే సాధన ఒకటైనా లేకపోతే ఒంటరి సాధనలు ఎన్ని చేసినా అవి గడప బయటే ఆగిపోతాయి. అటువంటి ఇంటి సాధనను ఇక్కడ ‘ఉమ్మడి నిరీక్షణ’ అని పిలుద్దాం. ఒకే ఫలితం కోసం, ఒకే చోట కూర్చుని, మధ్యలో ఎవరూ లేచిపోకుండా కుటుంబమంతా కొన్ని గంటలు ఎదురుచూడటం అని దాని అర్థం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల కుటుంబాలకు ఈ సాధన చేయడానికి నిండిన చెరువును మించిన చోటు, గాలాన్ని మించిన పనిముట్టు, నీళ్లు తెలిసిన స్నేహితుడి పుట్టిని మించిన ఆసనం లేవు.

ఎదురుచూపు ఈ సీమకు వారసత్వం

దేశంలో అతి తక్కువ వాన కురిసే ప్రాంతాల్లో ఒకటిగా పేరుపడిన పూర్వపు అనంతపురం జిల్లాలో నీటి కోసం ఎదురుచూడటం తరతరాల అనుభవం. విజయనగర రాజు రెండవ హరిహరరాయల కొడుకు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉండి పాలిస్తున్న కాలంలో, ఆ పట్టణానికి నీళ్లు రావాలని ఆజ్ఞాపించగా, జలసూత్రంలో, అంటే నీటి వాలును లెక్కగట్టి కాలువను నడిపే విద్యలో ఆరితేరిన సింగాయభట్టు పెన్నా నది నుంచి సిరువేర చెరువుకు కాలువ తవ్వించాడని 1388 నాటి శాసనం చెబుతోంది. ధర్మవరం చెరువును కట్టించిన క్రియాశక్తి ఒడయరు తన తల్లి ధర్మాంబ పేరు ఆ ఊరికి పెట్టాడని స్థానిక చరిత్ర చెబుతుంది. మన కాలానికి వస్తే, శ్రీశైలం జలాశయం వెనుక నీటిని మల్యాల దగ్గర ఎత్తిపోసి, దశలు దశలుగా ఎన్నో మెట్టలు ఎక్కించి ఇక్కడికి తెచ్చిన హంద్రీ–నీవా పథకం పుణ్యమా అని 2016లో పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయానికి కృష్ణా జలాలు చేరాయి. నెర్రెలు విచ్చిన చెరువు నేలను మాత్రమే చూసి పెరిగిన పిల్లలు మరవ పారడాన్ని, అంటే నిండిన చెరువు నుంచి మిగులు నీరు పొర్లిపోవడాన్ని, కళ్లారా చూశారు.

నీళ్లు వచ్చాయి గానీ, ఆ నీళ్ల కోసం ఊరంతా కట్ట మీద కూడి ఎదురుచూసిన అలవాటు మాత్రం ఇళ్లలో నిలవలేదు. ధర్మవరంలో భార్యాభర్తలు ఒకే మగ్గం దగ్గర పగలంతా గడుపుతారు. కానీ వారి మధ్య నడిచే మాటలు పట్టు ధర గురించో, జరీ గురించో, చీర ఎప్పటికి దిగుతుందన్న తొందర గురించో మాత్రమే అయినప్పుడు, దాన్ని కలిసి పనిచేయడం అనవచ్చు తప్ప కలిసి బతకడం అనలేము. 2019 నుంచి కార్లు తయారవుతున్న పెనుకొండ కియా కర్మాగారంలోనూ దాని అనుబంధ పరిశ్రమల్లోనూ షిఫ్టుల్లో పనిచేసేవారి ఇళ్లలో ఒకరు నిద్రలేచే వేళకు ఇంకొకరు నిద్రకు ఉపక్రమిస్తారు. హిందూపురం నుంచి బెంగళూరుకు పోయి వారాంతంలో తిరిగివచ్చే ఉద్యోగి ఇల్లు చేరి కూడా ఫోనులోనే ఉంటాడు. బతుకుతెరువును తప్పు పట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కానీ పిల్లల ఫీజుకు, ఇంటి వాయిదాకు, చుట్టాల పెళ్లికి వేళ దొరుకుతున్నప్పుడు, ఆ పిల్లల పక్కన ఊరికే కూర్చోవడానికి మాత్రం నెలకొక సాయంత్రం దొరకదంటే, ఆ మాటను గట్టిగా తోసిపుచ్చవలసిందే. దొరకనిది వేళ కాదు, దాన్ని కేటాయించే సంకల్పం.

పుట్టి ఎందుకు

పుట్టి అంటే వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, నీరు చొరకుండా అడుగున పట్టా బిగించి తారు పూసిన చిన్న పడవ. దానికి ముందూ వెనుకా అనేవి లేవు కనుక, తెడ్డు వేయడం తెలియనివాడు ఎంత బలంగా లాగితే అంతగా అది ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. ఇంట్లో అన్నీ తెలిసినవాడిగా, అందరికీ చెప్పేవాడిగా చలామణీ అయ్యే తండ్రి చేతికి తెడ్డు వచ్చి, పుట్టి ఒక్క గజం కూడా ముందుకు సాగకపోతే, పుట్టి యజమాని అయిన స్నేహితుడు, “అన్నా, బలం వద్దు, ముందుకు వంగి నీళ్లను నీ వైపు తీసుకో” అని చెబుతాడు. తండ్రి ఆ మాట విని చేయి మార్చుకోవడాన్ని పిల్లలు చూస్తారు. తెలియనిది ఒప్పుకుని, తెలిసినవాడి దగ్గర నేర్చుకోవడం చిన్నతనం కాదని వంద ఉపన్యాసాల్లో చెప్పినా ఎక్కని పాఠం ఆ కాస్త సేపట్లో మనసుకెక్కుతుంది. అందుకే ఈ సాధనకు అద్దె పడవ కన్నా స్నేహితుడి పుట్టి మేలు. అంతేకాక మూడో మనిషి ఎదుట ఉండగా భార్యాభర్తలు ఒకరినొకరు తక్కువగా విసుక్కుంటారు, పిల్లలు ఎక్కువగా అడుగుతారు.

పుట్టికి ఇంకొక గుణం ఉంది: దానిలోంచి ఎవరూ లేచి వెళ్లిపోలేరు. ఇంట్లో మాట పెరిగితే ఒకరు గదిలోకి, ఒకరు వీధిలోకి పోతారు. నీటి మీద మాత్రం మాట పెరిగినా పక్కనే కూర్చోక తప్పదు, కూర్చుంటే కాసేపటికి మాట తగ్గకా తప్పదు. పర్యావరణ మనస్తత్వ శాస్త్రంలో స్టీఫెన్ కాప్లాన్, రేచెల్ కాప్లాన్ దంపతులు 1989లో వెలువరించిన తమ గ్రంథంలో, పనిలో అలసిపోయిన ఏకాగ్రత ప్రకృతి మధ్య మళ్లీ తేరుకుంటుందని ప్రతిపాదించారు. కదిలే నీరు, ఆకులు, మబ్బులు మనసును బలవంతంగా పట్టి లాగకుండా మృదువుగా నిలిపి ఉంచుతాయని, ఆ నిలకడలోనే మనసు సేద తీరుతుందని వారి వాదన సారాంశం. చెరువు గాలి తగిలిన వారికి దీనికి వేరే రుజువు అక్కర్లేదు.

బెండు మీద చూపు

సాధన క్రమం ఇది. నెలకొక ఆదివారం, ఎండ తగ్గే వేళకు చెరువు చేరాలి. ఫోనులన్నీ ఒక గుడ్డసంచిలో వేసి మూతి కట్టాలి. అత్యవసరానికి ఒక్కటి మాత్రం స్నేహితుడి దగ్గర ఉంచాలి. వెదురు కర్ర, నైలాన్ దారం, చిన్న కొక్కెం, జొన్నదంటు ముక్కతో చేసిన బెండు, ఎరకు వానపాములు గానీ గోధుమపిండి ముద్ద గానీ ఉంటే చాలు. బెండు అంటే నీటి మీద తేలుతూ, కింద చేప ఎర తాకిన సంగతిని పైకి చెప్పే తేలిక ముక్క. జిలేబి చేప కొరికితే బెండు చిటుకుచిటుకుమని ఎగిరెగిరి పడుతుంది; బొచ్చె, రోహు వంటి పెద్ద చేప పట్టితే తొందర లేకుండా పక్కకు సాగి మెల్లగా మునుగుతుంది. మొదటి కదలికకే కర్ర లాగేసే పిల్లవాడికి ఎర పోయిన ఉత్త కొక్కెం మిగులుతుంది. “నాయనా, మునిగింది!” అని వాడు కేక వేసినప్పుడు, “ఉండు అబ్బీ, బాగా మింగనీ” అని పక్కనున్న పెద్దవారు ఆపడం, వాడు ఊపిరి బిగబట్టి ఆగడం, ఈ రెండింటి మధ్యనున్న కొద్ది క్షణాలే ఈ మొత్తం సాధనకు ప్రాణం. కోరికకూ చేతకూ మధ్య అంతరం పెట్టగలగడాన్నే మనస్తత్వ శాస్త్రం స్వీయ నియంత్రణ అంటుంది. పరీక్షల్లో, వ్యాపారంలో, సంసారంలో పనికివచ్చేది అదే.

ఆ నిరీక్షణలో మాటలు వాటంతట అవే వస్తాయి. ఎదురెదురుగా కూర్చోబెట్టి, “స్కూల్లో ఏం జరిగింది, చెప్పు” అని గద్దించి అడిగితే నోరు విప్పని పిల్లలు, అందరి చూపూ బెండు మీద ఉన్నప్పుడు పక్కన కూర్చుని తమంతట తామే చెప్పుకొస్తారు. ఆ వేళ పెద్దలు పాటించవలసిన నియమం ఒక్కటే: తీర్పు చెప్పకుండా వినాలి. ఇది కష్టమైన నియమం. ఈ సాధనను ఇంత గట్టిగా సమర్థిస్తున్న వ్యాసకర్తకు సైతం ఓర్పు పుట్టుకతో అబ్బిన గుణం కాదు. ఎదుటివారి మాట ముగియకముందే జవాబు నాలుక చివరికి వచ్చి నిలిచే స్వభావంతో పోరు ఇంకా సాగుతూనే ఉంది. అటువంటి స్వభావం ఉన్నవారికే ఈ గాలం ఎక్కువ అవసరం.

ఒక్క చేపా పడని సాయంత్రాలూ ఉంటాయి. అప్పుడు పెద్దలు ప్రవర్తించే తీరే పిల్లలకు ఓటమి గురించిన తొలి పాఠం. చెరువునో, ఎరనో, పక్కవారి అల్లరినో తిట్టే తండ్రి, రేపు మార్కులు తగ్గినప్పుడు పంతులును తిట్టడమే పిల్లవాడికి నేర్పుతున్నాడని గ్రహించాలి. దారం చుట్టి, కొక్కెం శుభ్రం చేసి, వచ్చే నెల ఏ వైపు వేద్దామో స్నేహితుడిని అడిగే తండ్రి, ఓటమి తరువాత చేయవలసిన పని ఏమిటో చూపించినవాడవుతాడు.

ఒకే దాక, ఒకే పుట్టి

పొద్దు గుంకకముందే పుట్టిని ఒడ్డుకు తెచ్చి, మోకాలి లోతు నీటిలో తుమ్మచెట్టుకు తాడుతో కట్టి, వంట గట్టు మీద, భోజనం పుట్టిలో జరుపుకోవాలి. ఇక్కడ ఇంటి మగవారికి ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు: ఇంటి ఇల్లాలు వేకువనే లేచి వండి, మూటలు కట్టి, చెరువు దగ్గర వడ్డించి, తిరిగొచ్చి గిన్నెలు తోమితే అది ఆమెకు విహారం కాదు, అదనపు చాకిరీ. ఆ పూట చేపను బూడిదతో రుద్ది, రాళ్ల ఉప్పు వేసి కడిగి ముక్కలు కోయడం, పొయ్యి రాజేయడం, సంగటి గెలకడం మగవారూ పిల్లలూ చేయాలి. చింతపండు వ్యాపారానికి పేరుపొందిన హిందూపురం పక్కనే ఉండగా పులుసుకు లోటు లేదు. ఉల్లిపాయ, కారం, ధనియాల పొడి, కొద్దిగా మెంతిపొడి పడి పులుసు తెర్లుతుండగా ముక్కలు వేశాక గరిటె ముట్టకూడదు, దాకను రెండు చేతులా పట్టి మెల్లగా తిప్పాలి. గరిటె పెడితే ముక్క విరిగిపోతుంది. ఇంట్లో మనసులను సరిదిద్దడం కూడా అంతే, పొడిచి కదిపితే విరుగుతాయి, చుట్టూ ఉన్న వాతావరణాన్ని కదిపితే కలుస్తాయి.

రాగి సంగటి ముద్ద, చేపల పులుసు, చేప తినని వారికి ఊరుబిండి పచ్చడి; స్నేహితుడి కుటుంబమూ అదే దాకలోంచి వడ్డించుకోవాలి. పరిణామ మనస్తత్వ శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఇతరులతో కలిసి తరచుగా భోంచేసేవారిలో సంతృప్తి, చుట్టూ ఉన్నవారి మీద నమ్మకం, ఆపదలో ఆదుకునే స్నేహితులు ఎక్కువగా కనిపించారని, నవ్వులూ పాత జ్ఞాపకాలూ కలిసిన రాత్రి భోజనాలు మనుషులను మరింత దగ్గర చేస్తాయని చెప్పాడు. అందుకే అవ్వాతాతలనూ తప్పక తీసుకుపోవాలి. కరువు కాలపు చెరువును, తొలిసారి నీళ్లు వచ్చిన నాటిని చెప్పగలిగినవారు వారే.

పాటించక తప్పనివి

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదాన్ని తెలుగువారు మరవకూడదు. ప్రతి ఒక్కరూ, ఈత వచ్చినవారు సైతం, లైఫ్ జాకెట్ వేసుకోవాలి, పుట్టిలో ఎంతమంది పడతారో స్నేహితుడు చెప్పిన లెక్కే తుది మాట, మిగిలినవారు గట్టు మీదే గాలం వేయాలి, గాలి లేచినా, మరవ పారుతున్నా పుట్టి దింపకూడదు, మద్యం ముట్టకూడదు. చెరువులో చేపపిల్లలు వదిలి పెంచేది మత్స్యకార సహకార సంఘాలు కాబట్టి ముందుగా అనుమతి అడగాలి, పట్టిన చేపకు వెల కట్టి ఇవ్వాలి. స్నేహం పేరుతో ఒకరి జీవనాన్ని ఉచితంగా వాడుకోవడం వ్యక్తిత్వ వికాసం కాదు.

వ్యక్తిత్వ వికాసానికి చెప్పే మిగిలిన సలహాలు అందరికీ తెలిసినవే: వేళకు నిద్రపోవాలి, రోజూ కొంత నడవాలి, నెలకొక పుస్తకం చదవాలి, అప్పు తగ్గించుకోవాలి, క్షమాపణ త్వరగా చెప్పాలి. ఇవన్నీ మంచివే, ఇవన్నీ ఒంటరిగా చేయగలిగినవే.

ఉమ్మడి నిరీక్షణ మాత్రం ఒంటరిగా సాగదు, అందుకే అది వాయిదా పడుతూ ఉంటుంది. ఒక్కసారి వెళ్లివచ్చినంత మాత్రాన ఇల్లు మారిపోదు. నిరాశ పడనక్కర లేదు, మానుకోనూ కూడదు. పిల్లలు పై చదువులకు ఊరు దాటేలోపు తల్లిదండ్రుల చేతిలో ఉన్న ఆదివారాలు తక్కువే. కాబట్టి ఈ వారమే నీళ్లు తెలిసిన స్నేహితుడిని కలిసి తేదీ అడగాలి, ఆ తేదీని ఇంట్లో అందరికీ కనిపించేలా గోడ క్యాలెండరు మీద రాయాలి, పెళ్లి ముహూర్తానికి ఇచ్చే మర్యాదే ఆ తేదీకీ ఇవ్వాలి.