ఇంటి ముంగిట తక్కువ నిర్వహణ తోట: మొక్కల ఎంపికకు ముందే తేల్చుకోవలసిన అంశాలు

తెలుగువారి ఇంటికి వాకిలే ముఖం. కళ్లాపి చల్లి ముగ్గు పెట్టిన నేల, తులసికోట, గుమ్మం పక్కన నందివర్ధనమో మందారమో ఉంటే ఒకనాడు ముంగిలి నిండుగా కనిపించేది. నేడు పట్టణాలలోనూ, పెద్ద గ్రామాలలోనూ కొత్త ఇళ్ల ముందు రెండు ధోరణులు కనిపిస్తున్నాయి. కొందరు ఖాళీ స్థలమంతా పచ్చిక పరుస్తున్నారు. మరికొందరు దానిని పోషించలేమని భావించి మొత్తం సిమెంటుతోనో టైల్స్‌తోనో కప్పివేస్తున్నారు. అందం, పొదుపు, నీటి సంరక్షణ మూడూ కలిసిన మధ్యేమార్గాన్ని సూచించడం విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత. నిర్వహణ భారం మొక్కలు నాటిన తరువాత ఏర్పడేది కాదు. అది రూపకల్పన దశలోనే నిర్ణయమవుతుంది.

నీటి లెక్క

ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు నీరు ఒక లీటరుకు సమానం. వేసవిలో పచ్చికకు రోజుకు సుమారు 4 నుండి 5 మి.మీ. నీరు అవసరమవుతుందని భావిస్తే, 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల ముంగిలికి రోజుకు 200 నుండి 250 లీటర్లు కావాలి. అనగా 5,000 లీటర్ల ట్యాంకరు నీరు 20 నుండి 25 రోజులలో ఖర్చవుతుంది. వర్షాకాలంలో పచ్చికను తరచుగా కత్తిరించవలసి రావడం, కలుపు తీయడం అదనపు శ్రమ.

అదే స్థలంలో 12 పొద మొక్కలు నాటి, నిలదొక్కుకున్న తరువాత వేసవిలో నాలుగు రోజులకొకసారి మొక్కకు 10 లీటర్ల చొప్పున ఇస్తే సగటున రోజుకు 30 లీటర్లు సరిపోతాయి. మరోవైపు, 800 మి.మీ. వార్షిక వర్షపాతం గల ప్రాంతంలో ఈ 50 చదరపు మీటర్లపై ఏటా 40,000 లీటర్ల వాన నీరు పడుతుంది. సిమెంటుతో కప్పిన ముంగిలిలో దీనిలో అధిక భాగం వీధి కాలువ పాలవుతుంది.

నేల పరిస్థితి

కొత్త ఇంటి ముందు నేల సహజమైన నేల కాదు. పునాది తవ్వినపుడు పైకి వచ్చిన మట్టి, ఇటుక ముక్కలు, సున్నం, సిమెంటు వ్యర్థాలు అందులో కలిసి ఉంటాయి. వాహనాల ఒత్తిడికి అది గట్టిపడి, క్షార గుణం సంతరించుకుంటుంది. ఇటువంటి నేలలో నూరువరహాల లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి పసుపు రంగుకు మారడం ఇనుపధాతు లోప లక్షణం. లీటరు నీటికి 5 గ్రా. అన్నభేది, 1 గ్రా. నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తే తాత్కాలికంగా కోలుకుంటుంది. అయితే మూలకారణం నేలలోనే ఉంది. కావున 45 సెం.మీ. పొడవు, వెడల్పు, లోతు గల గుంతలు తీసి, వ్యర్థాలను ఏరివేసి, మంచి పైమట్టిలో గుంతకు 5 కిలోల చివికిన పశువుల ఎరువు కలిపి నింపాలి.

మొక్కల ఎంపిక, అమరిక

పడమటి ఎండ తీవ్రంగా తగిలే ముంగిళ్లకు తంగేడు, దేవగన్నేరు, కాగితపు పూల మొక్క అనువైనవి. కాగితపు పూల మొక్కకు నీరు ఎక్కువైతే ఆకులు పెరిగి పూత తగ్గుతుంది. దానికి ముళ్లుంటాయి కనుక నడకదారికి దూరంగా నాటాలి. నందివర్ధనం, పారిజాతం కొద్దిపాటి నీడను తట్టుకుంటాయి. నీడ ఎక్కువగా ఉన్నచోట సాన్సివేరియా, స్పైడర్ లిల్లీ సరిపోతాయి. క్రోటన్లకు తగిన వెలుతురు లేకపోతే ఆకుల రంగు తగ్గుతుంది. గన్నేరు, పచ్చగన్నేరు ఎండను బాగా తట్టుకున్నప్పటికీ వాటి భాగాలన్నీ విషపూరితాలు. చిన్నపిల్లలు, పశువులు ఉన్న ఇళ్లకు వాటిని సూచించరాదు.

తరచుగా కత్తిరించవలసిన అవసరం సాధారణంగా తప్పు ఎంపిక వలన కలుగుతుంది. కిటికీ కింద నాటే మొక్క పూర్తిగా పెరిగినా కిటికీ అంచును దాటనిదై ఉండాలి. పొదల మధ్య దూరాన్ని నారు పరిమాణాన్ని బట్టి గాక, పెరిగిన తరువాతి విస్తృతిని బట్టి నిర్ణయించాలి. మొదటి రెండేళ్లు కనిపించే ఖాళీని బంతి, బిళ్లగన్నేరు వంటి వాటితో నింపవచ్చు. పది రకాలు ఒక్కొక్కటిగా నాటేకంటే మూడు నాలుగు రకాలను గుంపులుగా నాటితే ముంగిలి పొందికగా కనిపిస్తుంది. నీటి అవసరం సమానంగా ఉన్న మొక్కలు ఒకేచోట ఉంటే తడి ఇవ్వడం సులభమవుతుంది. గడప ఎదుట ముగ్గుకు, నడకకు కావలసినంత స్థలాన్ని మాత్రమే గట్టిపరచి, మొక్కల మడులను దారికంటే 5 సెం.మీ. పల్లంగా ఉంచితే వాన నీరు వాటిలోకి చేరుతుంది. వాలు మాత్రం ఇంటి గోడ నుండి బయటికి ఉండాలి.

మొదటి సంవత్సరం

తక్కువ నిర్వహణ తోటకైనా మొదటి సంవత్సరం శ్రద్ధ తప్పనిసరి. తొలకరి తరువాత జూన్, జూలై నెలలలో నాటితే వేళ్లు వేసవిలోగా లోతుకు చేరుతాయి. రోజూ కొద్దికొద్దిగా నీరు పోస్తే వేళ్లు పైపొరలోనే ఉండిపోతాయి. కనుక క్రమంగా తడుల మధ్య వ్యవధి పెంచుతూ, ఇచ్చిన ప్రతిసారీ లోతుగా తడపాలి. ఎండుటాకులు లేదా కొబ్బరి పీచుతో 5 నుండి 7 సెం.మీ. మందాన ఆచ్ఛాదన వేస్తే తేమ నిలిచి కలుపు తగ్గుతుంది. ఆచ్ఛాదన కాండానికి తగలరాదు. చెదల బెడద ఉన్న ఎర్ర నేలలలో దానిని గోడకు కనీసం ఒక అడుగు దూరంలో ఆపాలి.

ముగింపు

సలహా కోరి వచ్చిన గృహస్థులకు మొక్కల జాబితా ఇచ్చే ముందు విస్తరణ శాస్త్రవేత్తలు నాలుగు విషయాలు అడిగి తెలుసుకోవాలి. ముంగిట ఎన్ని గంటల ఎండ పడుతుంది? నేల ఎటువంటిది? మే నెలలో ఎంత నీరు లభిస్తుంది? వారానికి ఎన్ని గంటలు ఎవరు పనిచేయగలరు? ఈ నాలుగింటికి సమాధానం లభించిన తరువాత చేసే ఎంపిక ఏళ్ల తరబడి నిలుస్తుంది. అవి తెలియకుండా నాటిన తోట ఒకటి రెండు వేసవులకే ఎండి, చివరకు సిమెంటు కిందికి చేరే ప్రమాదం ఉంది.