నీటి మీద పెరిగే పచ్చిమేత – అజొల్లా



బిడ్డకు పాలు, గుడ్లు పెట్టమని చెప్పినప్పుడు చాలామంది తల్లులు ఇచ్చే జవాబు ఒకటే: "గేదె ఉందండీ, కాని దాణా ఖర్చుకే పాలన్నీ కేంద్రానికి పోస్తున్నాం." ఆ ఖర్చు కొంత తగ్గించుకునే మార్గాన్ని ఈ పాఠంలో నేర్చుకుందాం.

అజొల్లా అంటే ఏమిటి?

ఇది నీటిపై తేలే చిన్న ఫెర్న్ మొక్క. చూడటానికి నాచులా ఉంటుంది కాని నాచు కాదు. దీని ఆకుల్లో నివసించే అనబీనా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. అందువల్ల ఎండిన అజొల్లాలో సుమారు నాలుగో వంతు మాంసకృత్తులు ఉంటాయి.

ఎలా పెంచాలి?

1. కొంచెం నీడ పడే చోట ఏడున్నర అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 8 అంగుళాల లోతు ఉండేలా ఇటుకలు పేర్చి, చిరుగులు లేని ప్లాస్టిక్ పట్టా పరవండి.
2. జల్లించిన మట్టి 10 నుండి 15 కిలోలు సమంగా చల్లండి. 2 కిలోల పేడ, 30 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్ 10 లీటర్ల నీటిలో కలిపి పోయండి. తరువాత 4 అంగుళాల ఎత్తు వరకు మంచినీరు పట్టండి.
3. కిలో అజొల్లా విత్తనం చల్లండి. దీనికోసం కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. సుమారు రెండు వారాల్లో మడి నిండుతుంది. అప్పటి నుండి రోజూ అరకిలో తీయవచ్చు.
4. 5 రోజులకోసారి కిలో పేడ, 20 గ్రాముల సూపర్ వేయండి. 10 రోజులకోసారి పావు వంతు నీరు మార్చండి.

ఎలా మేపాలి?

పేడ వాసన పోయేలా మంచినీటితో కడిగి, దాణాలో కొద్దికొద్దిగా కలిపి అలవాటు చేయండి. కోళ్లకూ వేయవచ్చు. అజొల్లా ఉంటే దాణా అక్కరలేదని కొందరు అంటారు. అది నిజం కాదు. కిలో పచ్చి అజొల్లాలో ఎక్కువ భాగం నీరే. మాంసకృత్తులు 15 గ్రాముల వరకే ఉంటాయి. ఇది దాణాకు తోడు మాత్రమే. గేదెకు రోజుకు ఒకటిన్నర, రెండు కిలోలు పెట్టాలంటే మూడు నాలుగు మడులు కావాలి.

ఆరోగ్య జాగ్రత్తలు

- మురుగునీరు, ఫ్యాక్టరీ నీరు వాడవద్దు. నీటిలోని సీసం వంటి విషాలను ఈ మొక్క పీల్చుకుంటుంది. అవి మేత ద్వారా పశువులోకి చేరతాయి.
- అజొల్లా చచ్చిపోతే నీరు ఖాళీగా నిలువ ఉంచకండి, దోమలు గుడ్లు పెడతాయి. వెంటనే పారబోయండి.
- నాలుగు అంగుళాల నీరైనా పాకే బిడ్డకు ప్రాణాపాయమే. మడి చుట్టూ తప్పక కంచె వేయండి.
- మడిలో పని చేశాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

చివరిగా ఒక మాట. దాణాలో మిగిలిన డబ్బు ఇంట్లో పిల్లల వరకు చేరాలి. ఏడాది దాటిన బిడ్డకు రోజూ ఒక గ్లాసు కాచిన పాలు, వీలైతే ఒక గుడ్డు ఇవ్వండి. కేంద్రానికి పాలు పోసే ముందే బిడ్డ పాలు తీసి పక్కన పెట్టండి.