మడమ నుంచి ఒక్క రక్తపు బొట్టు

మనలో చాలామందికి ఇంట్లో టీకాల కార్డు ఉంటుంది. నాన్నగారికో అమ్మకో బదిలీ అయిన ప్రతిసారీ మన టీసీతో పాటు అదీ ప్రయాణం చేస్తుంది. అందులో బీసీజీ, పోలియో చుక్కలు తేదీలతో సహా ఉంటాయి. పుట్టిన మూడో రోజున మడమ మీద సూదితో గుచ్చి తీసే రక్తపు బొట్టు సంగతి మాత్రం కొందరి కాగితాల్లోనే కనిపిస్తుంది. ఆ బొట్టు ఎందుకో ఈసారి తెలుసుకుందాం.

మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో థైరాయిడ్ గ్రంథి ఉంటుంది. అది తయారుచేసే థైరాక్సిన్ ప్రతి అణువులోనూ నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటాయి. పెద్దవాళ్ళలో ఇది తగ్గితే నీరసం వస్తుంది, బరువు పెరుగుతుంది; మందుతో సర్దుకుంటుంది. పసిపిల్లల విషయం వేరు. సుమారు మూడేళ్ళ వయసు దాకా మెదడు ఎదుగుదలకు ఈ హార్మోను తప్పనిసరి. తల్లి కడుపులో ఈ గ్రంథి నాలుక మొదట్లో పుట్టి, మెల్లగా మెడలోకి దిగుతుంది. కొందరిలో అది దారిలోనే ఆగిపోతుంది. కొందరిలో అసలు ఏర్పడదు.

పుట్టగానే చూసి ఎందుకు చెప్పలేరు? తల్లి థైరాక్సిన్ కొంత బిడ్డకు చేరి ఉంటుంది కనుక, మొదట్లో బిడ్డ మామూలుగానే కనిపిస్తుంది. తర్వాత పసిరికలు తొందరగా తగ్గవు, మలబద్ధకం, బొంగురు ఏడుపు, పాలు తాగకుండా నిద్ర. చూడవచ్చిన చుట్టాలేమో "ఎంత బుద్ధిమంతురాలో, ఏడవనే ఏడవదు" అని మురిసిపోతారు! ఆ వారాల్లో మెదడుకు జరిగిన నష్టం తర్వాత పూర్తిగా పూడదు.

అందుకే రక్తాన్ని అడగాలి. థైరాక్సిన్ తగ్గితే మెదడు కింద ఉన్న పీయూష గ్రంథి టీఎస్‌హెచ్ అనే హార్మోనును ఎక్కువగా పంపుతుంది. పని జరగకపోతే పై ఆఫీసు నుంచి రిమైండర్లు పెరిగినట్టన్నమాట. మన ఇళ్ళలో ఆ మాట తెలియనివారు ఉండరు. అయితే పుట్టిన అరగంటలో ప్రతి బిడ్డలోనూ టీఎస్‌హెచ్ ఒక్కసారిగా ఎగసి, రెండు మూడు రోజుల్లో దిగుతుంది. మొదటి రోజే పరీక్షిస్తే ఏమీ లేనివారికీ కంగారు తప్పదు. కాబట్టి 48 గంటలు దాటాక తీస్తారు. తల్లీబిడ్డలను త్వరగా ఇంటికి పంపే ఆసుపత్రుల్లో బొడ్డుతాడు రక్తాన్ని వాడతారు.

బొట్టును వడపోత కాగితం మీద ఆరబెట్టి, ఉత్తరంలా ల్యాబుకు పంపవచ్చు. 1960ల మొదట్లో అమెరికాలో రాబర్ట్ గత్రీ వేరే జబ్బు కోసం ఈ పద్ధతి కనిపెట్టారు. 1970లలో కెనడాలోని క్యూబెక్‌లో జాన్ డ్యుసో దీన్ని థైరాయిడ్‌కు పనికివచ్చేలా చేశారు. మన దేశంలో హైదరాబాదు సహా ఐదు నగరాల్లో లక్షకు పైగా శిశువులను పరీక్షిస్తే, దాదాపు 1100 మందిలో ఒకరికి ఈ లోపం కనబడింది. గోవా 2008లోనే ఇలాంటి పరీక్షలు మొదలుపెట్టింది. ఇప్పటికీ చాలాచోట్ల ఇది ఆసుపత్రిని బట్టి ఉంటుంది.

అయోడిన్ ఉప్పు తింటే చాలదా అని మా తరగతిలో ఒకరు అడిగారు. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ రామలింగస్వామిగారు హిమాచల్‌లోని కాంగ్రా లోయలో పరిశోధన చేసి, అయోడిన్ ఉప్పుతో గాయిటర్ తగ్గుతుందని చూపారు. అది అయోడిన్ కొరతకు మందు. గ్రంథే లేనప్పుడు ఉప్పు ఏం చేస్తుంది? హార్మోనునే మాత్రగా ఇవ్వాలి. మొదటి ఫలితం ఎక్కువగా వస్తే నరం నుంచి రక్తం తీసి మళ్ళీ చూస్తారు. లోపం నిజమైతే రెండు వారాలలోపే మాత్ర మొదలుపెడతారు. దాన్ని పొడిచేసి, చెంచాలో తల్లిపాలతో కలిపి, రోజూ పట్టాలి. ఇనుము, కాల్షియం మందులతో కలిపి ఇవ్వకూడదు.

మనలాంటి కుటుంబాలకు అసలు చిక్కు ఫోను నంబరుతో. మా పక్క క్వార్టరు ఆంటీ పురిటికి పుట్టింటికి వెళ్ళారు. ఆసుపత్రిలో అంకుల్ నంబరు రాయించారు. అదే వారం ఆయనకు బదిలీ. కొత్త ఊరిలో సిమ్ము మార్చేశారు. రిపోర్టు వచ్చాక ఎన్నిసార్లు ఫోన్ చేసినా పలకలేదు. చివరికి ఆశా కార్యకర్త అడ్రసు వెతుక్కుంటూ ఇంటికే వచ్చారు. అప్పటికి పాపకు పన్నెండు రోజులు.

ఆ పాప ఇప్పుడు మా బడిలోనే రెండో తరగతి. పొద్దున్నే మాత్ర వేసుకుని, అరగంట దాకా టిఫిన్ పెట్టరని రోజూ అలుగుతుంది. ఈ వేసవిలో వాళ్ళకు మళ్ళీ బదిలీ. మాత్రల డబ్బాను సామాన్ల లారీలో వేయకుండా చేతిసంచిలోనే పెట్టుకుంటామని వాళ్ళమ్మగారు చెప్పారు.