మొలకెత్తిన రాగిలోని బలము: ఇంటిలో చేయదగిన ఒక పరీక్ష

అనంతపురం పీఠభూమిలో ఏడాదికి సగటున పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియు వేళకు కురియదు. వేరుసెనగ ఎండిన ఏడు కూడ ఇంటిలో నిలువ ఉండు ధాన్యము రాగి. అయినను పసిబిడ్డ సంగటి మింగలేదు. పలుచని జావ పోసినచో కడుపు నిండును గాని బలము చాలదు. ఈ చిక్కు విడుటకు దారి ఒక చిన్న పరీక్షలో కలదు.

చేయు విధము

ఒకే కొలత గల నాలుగు గాజు సీసాలను తీసికొని, ఒక్కొక్కదానిలో ఒక గ్లాసు గోరువెచ్చని నీరు పోసి, ఒక చెంచా పొడి ఈస్టు కలుపవలెను. మొదటి సీసాలో మరేమియు వేయరాదు. రెండవదానిలో రెండు చెంచాల బెల్లపు పొడి, మూడవదానిలో అంతే పంచదార, నాల్గవదానిలో అంతే రాగిపిండి వేయవలెను. మూతులకు రబ్బరు బుడగలు తొడిగి దారముతో కట్టి, వెచ్చని చోట ఒక గంట ఉంచవలెను. సీసాకు మూత బిగింపరాదు. వాయువు ఒత్తిడికి పగులవచ్చును.

ఫలితము, కారణము

బెల్లము, పంచదార సీసాలపై బుడగలు ఉబ్బి నిలుచును. మొదటి బుడగ దాదాపు కదలదు. రాగిపిండి బుడగ కొద్దిగా మాత్రమే లేచును.

ఈస్టు కంటికి కానరాని జీవి. చెరకు చక్కెరను గ్లూకోజు, ఫ్రక్టోజు అను చిన్న చక్కెరలుగా విడదీసి తిని, బొగ్గుపులుసు వాయువును, సారాయిని విడుచును. బెల్లములో ముఖ్యముగా ఉన్నదియు ఆ చక్కెరయే. రాగిలో ఉన్నదో పిండిపదార్థము. అది తాళము వేసిన గాదె వంటిది. ఈస్టు వద్ద దాని తాళపుచెవి లేదు. మొలకెత్తు గింజ మాత్రము తన ఆకలికై ఆ తాళపుచెవిని తానే తయారు చేసికొనును. దానికే అమైలేజు అని పేరు.

బిడ్డల ఆహారములో ఉపయోగము

రాగులను కడిగి ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, గుడ్డ ఆరకుండ రెండు రోజులు మొలకెత్తింపవలెను. బూజు పట్టినచో పారవేయవలెను. మొలకలను బాగుగా ఎండబెట్టి, వేళ్లు నులిమి తీసి, పిండి పట్టింపవలెను. వేయింపరాదు, ఎక్కువ వేడికి అమైలేజు నశించును.

మామూలు రాగిపిండితో చిక్కని జావ కాచి దించి, వేడి కొంత తగ్గిన పిదప ఒక చెంచా మొలక పిండి కలిపి చూడుడు. కొద్ది నిమిషములలో జావ పలుచబడును. నీరు పోయలేదు, పిండి తగ్గలేదు. బలమంతయు అందులోనే కలదు. అందులో కొంత తీసి, గోరువెచ్చగా చల్లార్చి ఈస్టు వేసినచో ఈసారి బుడగ ఉబ్బును. గాదె తెరచుకొన్నదనుటకు ఇదియే సాక్ష్యము. ఈస్టు వేసినది పారవేయవలెను.

మిగిలిన జావను మరల ఒక పొంగు రానిచ్చి, చల్లార్చి, ఆరు నెలలు నిండిన బిడ్డకు తినిపింపవచ్చును. 100 గ్రాముల రాగిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. అయినను పాలు, పప్పు, ఆకుకూర మానరాదు.

గ్రామాధికారులు అంగన్‌వాడీ కేంద్రములలో తల్లుల యెదుట మొలక పిండి కలిపిన జావను, కలపని జావను పక్కపక్కన ఉంచి చూపవలెను. కరవు ఏడు ఇంటిలోని పిండిని పెంచలేము. ఉన్న పిండి బిడ్డకు అందునట్లు చేయగలము.