కడలి కొలువులు – కౌశలాలు

కనిగిరి ప్రాంతంలోని వెలిగండ్ల వానను నమ్ముకున్న మెట్టసీమ. కరవు కాలంలో పొట్ట చేతబట్టుకొని వలసపోవడం ఇక్కడి పల్లెలకు కొత్త కాదు. అయితే వలసపోయిన చోట కూలి దొరకడం వేరు, కొలువు దొరకడం వేరు. ఆ తేడాను నిర్ణయించేది చేతిలోని విద్య. సముద్రంపై సాగే చమురు పరిశ్రమ ఇందుకు చక్కని ఉదాహరణ.

మన దేశంలో 1974లో 'సాగర్ సమ్రాట్' నౌక బొంబాయి హైలో చమురును కనుగొన్నది. మన తీరాన కృష్ణా–గోదావరి బేసిన్‌లో 2009లో కె.జి.–డి6 క్షేత్రం నుండి సహజవాయువు, 2024 జనవరిలో ఓ.ఎన్.జి.సి. లోతు సముద్రపు బావుల నుండి చమురు వెలువడసాగాయి.

ప్లాట్‌ఫారం అనబడే ఉక్కు వేదికలపై వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు, క్రేన్ నడిపేవారు, వంటవారు రోజుకు పన్నెండేసి గంటలు శ్రమిస్తారు. మనిషి దిగలేని లోతులలో నేడు రోబోలు పనిచేస్తున్నాయి. బావుల ఒత్తిడిని సిబ్బంది దూరం నుండే కంప్యూటర్ తెరలపై గమనిస్తున్నారు. కండబలానికి గిరాకీ తగ్గి, యంత్రాన్ని అర్థం చేసుకొనే బుద్ధిబలానికి విలువ పెరిగింది. నీట మునిగిన హెలికాప్టర్ నుండి బయటపడే విద్యను కూడ వీరు అభ్యసించాలి. ఇంధన విద్య కొరకు 2016లో విశాఖపట్నంలో జాతీయ స్థాయి సంస్థ ఏర్పడింది.

అన్నిటికన్న ముఖ్యమైన కౌశలం మరొకటి ఉన్నది. 1988 జూలై 6న బ్రిటన్ సమీపాన ఉత్తర సముద్రంలోని 'పైపర్ ఆల్ఫా' వేదికపై పగటి సిబ్బంది ఒక పంపు భద్రతా కవాటాన్ని మరమ్మతుకై తొలగించారు. ఆ సంగతి రాత్రి సిబ్బందికి చేరలేదు. రెండవ పంపు ఆగిపోగా వారు మొదటి పంపును నడిపారు. వాయువు వెలువడి విస్ఫోటం సంభవించింది. 167 మంది మరణించారు.

యంత్రాలకు కొదవ లేదు. కొరవడినది ఒక్క సమాచారమే. చేసిన పనిని స్పష్టంగా వ్రాయడం, తరువాతివారికి విడమరచి చెప్పడం, సందేహం కలిగినప్పుడు జంకక పని ఆపించడం – ఇవి ప్రాణాలు నిలిపే విద్యలు. విద్యార్థులారా! భాషను పరీక్ష కొరకే చదువుతున్నామని భావించకండి. ఒకనాడు మీరు వ్రాసే ఒక్క వాక్యం తోటివారిని క్షేమంగా ఇల్లు చేర్చవచ్చు.

అర్థాలు
కౌశలం = నేర్పు
కవాటం = వాల్వు
విస్ఫోటం = పేలుడు

ప్రశ్నలు
1. చమురు పరిశ్రమలో బుద్ధిబలానికి విలువ ఎందుకు పెరిగింది?
2. పైపర్ ఆల్ఫా దుర్ఘటన నేర్పే పాఠమేమి?