తిరిగి వచ్చినవాడు ఒక్కడే

లూకా సువార్త 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగులు బాగుపడ్డారు. కృతజ్ఞత చెప్పడానికి తిరిగి వచ్చినవాడు ఒక్కడే, అతడూ సమరయుడు. వార్డులో మేము ఈ భాగాన్ని తరచూ తలచుకుంటాము. డిశ్చార్జి రోజున డాక్టరుగారికి స్వీట్ల పెట్టె అందుతుంది. రాత్రంతా బెడ్‌పాన్ మార్చిన ఆయమ్మను పలకరించేవారు తక్కువ. "వెళ్ళొస్తామమ్మా" అంటే చాలు, ఆమె అలసట సగం తీరుతుంది. (ఆసుపత్రిలో "వస్తాం" అనకూడదంటారు, మేము పట్టించుకోము.) డబ్బులు మాత్రం ఇవ్వవద్దు.

పక్క మంచం మీద తోడు లేనివారుంటే కాస్త టీ ఇవ్వాలనిపిస్తుంది. మంచి మనసే, కాని ముందు సిస్టరును అడగండి. ఆపరేషనుకు వెళ్ళేవారి కడుపు ఖాళీగా ఉండాలి. పాలు కలిపిన టీ అయినా కనీసం 6 గంటల ముందే ఆపాలి. మత్తులో ఉండగా కడుపులోనిది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ప్రమాదం. మీరు ప్రేమతో ఇచ్చిన అర గ్లాసు టీ వల్ల ఆపరేషను వాయిదా పడవచ్చు.

అలాంటివారి దగ్గర కాసేపు కూర్చోండి. పిల్లల సంగతులు అడగండి, వాళ్ళ ఇంటికి ఫోను కలిపి ఇవ్వండి. దుప్పటి సర్దబోయే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. సింకు వార్డు గుమ్మం పక్కనే ఉంది.